అగ్నిపర్వతం కాని గుట్ట

ముందుగాల్నే చెప్తున్న, నాకు కోపమెక్కువ. చిన్నప్పుడు మా తండాల "దీనికి ముక్కు మీదనే కోపం" అంటుండె. ఇప్పుడు మానుకోటల మా వాడకట్టోళ్లు గూడ గదే అంటరు. అననీ, నాకేం? గని ఎవలన్న నా ముంగట మైకు వట్టుకొని "ఉద్యమంల మన తెలంగాణ అగ్నిపర్వతమై బద్దలైంది" అని మొదలువెడితె మాత్రం నా పెయ్యి భగ్గుమంటది. లేచి బయటికి వచ్చేస్త. అగ్నిపర్వతమంటె ఏందో, అది యాడ పుడ్తదో, ఎందుకు పగుల్తదో, యాడ పుట్టనే పుట్టదో నాకు బాగ ఎరుక. మా యాడికి గూడ ఎరుకుండె. మా లంబాడోళ్ల ఇండ్లల్ల అమ్మను యాడి అంటం.

మాది మానుకోట దగ్గరి తండా. మా బాపును నా చిన్నతనంల మిరపచేన్ల పాము కరిచింది. దవాఖానకు తీస్కపోయేటాలకే పాణం పోయింది. తర్వాత కూలి దొరక్క మా యాడి నన్ను తోల్కొని భూపాలపల్లికి వచ్చింది. బొగ్గు కోసం భూమిని పైనుంచి తవ్వుకుంట పోయే పెద్ద గుంత ఉంటది చూడున్రి, ఓపెన్‌కాస్ట్ అంటరు, దాని ఎన్కబాజు మా గుడిసె. గుంతలకెళ్లి తీసిన మట్టి, బండలు లారీలతోని తెచ్చి ఒక్కతాన కుమ్మరిస్తుండె. కుమ్మరించి కుమ్మరించి అదో గుట్టయింది. దాని నెత్తి మీద నిలవడితె చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనవడ్తది. ఆ మట్టిల చూరాచూరా బొగ్గు కలిసి ఉంటది. గంపలు వట్టుకొని ఆడోళ్లం ఎక్కి ఆ బొగ్గు ఏరుకొచ్చి ఛాయ్ హోటళ్లకు పోస్తుంటిమి. మా యాడి ఆ గుట్ట ఎక్కితెనే మాకింత బువ్వ.

ఆ గుట్ట లోపల్లోపల ఎప్పటికెళ్లో కాగుతుండె. కొన్ని జాగలల్ల అడుగు వెడితె అరికాలు చుర్రుమంటది. ఎందుకు కాగుతదని మేమెవ్వలం అడగలే. కాగితె మాకే ఫాయిదా అనుకున్నం. పొద్దుగాల ఎక్కంగనే ఒక్కొక్కలు తమ తమ జాగల మోచేతి లోతు గుంత తీసి, జొన్న గటక గిన్నె అండ్ల వెట్టి, పైకెళ్లి మట్టి కప్పుతరు. పగటీలి తవ్వి తీస్తె గటక పొయ్యి మీదికెళ్లి దించినట్టే ఉంటది. ఎవల గుంత వాళ్లదే. ఒగలి గుంతల ఇంకొగలు గిన్నె వెట్టిన్రో, జుట్లు జుట్లు వట్టుకునుడే. మా యాడి గుంత అందరి దాని కంటె మీదికుండె, అందరి దాని కంటె ఉడుకుండె. దాన్ని గురించి ఆమెకు పెద్ద గొప్ప. "నా పొయ్యికి కట్టెలక్కర లేదు, ఊదుడక్కర లేదు" అనేది.

నేను పదోతరగతి చదివే యేడు తెలంగాణ కోసం సమ్మె వడ్డది. పంతుళ్లు బడి బంద్ వెట్టిన్రు, బస్సులు బందు, బొగ్గు బాయిల పనిచేసేటోళ్లు గూడ పని ఆపేసిన్రు. గుట్ట రాజుకోకుండ దినాం నీళ్లు కొట్టే ట్యాంకరు గూడ ఆగింది. రోడ్డు మీద డేరా వేసిన్రు. పొద్దంత పాటలు, డప్పులు, ఉపన్యాసాలు. మా యాడి గూడ పోయి కూసునేది. తెలంగాణొస్తె నాకు నౌకరొస్తదని ఎవలో చెప్పిన్రంట ఆమెకు. ఆ మాట గట్టిగ వట్టుకున్నది.

బడి లేకపాయె గని పరీక్ష ఉండె గద. పొద్దూకినంక మా యాడి గటక కలియవెడ్తుంటె నేను ఎదురుంగ కూసొని సాంఘికశాస్త్రం పుస్తకం గట్టిగ చదువుతుంటి. ఆమెకు చదువు రాదు, తెలుగు గూడ బజారు తెలుగే. నేను ఒక్కో ముక్క చదివి మా ఇంటి మాటల మలిపి చెప్తుంటి. పాఠాలన్నిట్ల ఆమెకు నచ్చింది అగ్నిపర్వతాలే.

"భూమి పెంకు ఒక్కటే ముక్క గాదంట యాడీ. పగిలిన పెంక లెక్క ముక్కలు ముక్కలుంటదంట. వాటిని పలకలంటరు. అవి కదుల్తయంట" అన్న.

"ఎంత జోరు?"

"మన గోర్లు ఎంత జోరు పెరుగుతయో గంత."

ఆమె తన గోర్లు చూస్కున్నది. బొగ్గు గీకి గీకి అరిగిపోయినయి. "గట్లయితె నా పలక కదలనే కదలదు" అని నవ్వింది. మా యాడి నవ్వితె బాగుంటుండె. ఎక్కువ నవ్వకపోయేది.

రెండు పలకలు ఒకదానికొకటి ఎడం జరిగిన కాడ కిందికెళ్లి రాయి కరిగి పైకి వస్తదని చెప్పిన. అది ఎక్కువ సముద్రాల అడుగున జరుగుతది, మనకు కనవడది. ఇంకో తీరు ఏందంటె రెండు పలకలు గుద్దుకునుడు. సముద్రం కింది పలక బరువు, అది ఇంకోదాని కిందికి జొర్రుతది. జొర్రుకుంట జొర్రుకుంట సముద్రపు నీళ్లను గూడ తనతోని లోపలికి గుంజుకపోతది. లోపల ఆ తడి తగిలితె, మామూలుగ ఆ వేడికి కరగని రాయి గూడ కరుగుతది.

"నీళ్లు వడితె అగ్గి ఆరాలె గని, రాయి కరుగుడేందే?" అన్నది.

"పుస్తకంల గట్లనే ఉన్నది."

"గట్లనా?" అని మళ్ల, "మరి పగులుడెందుకు? మెల్లగ పొంగిపోవచ్చు గద" అన్నది.

కరిగిన రాయిల గాలులు కలిసి ఉంటయని, పైకి వచ్చినా కొద్ది ఆ గాలి బుడగలై ఉబ్బుతదని చెప్పవోయిన. నాకు మాట దొరుకుతలేదు. ఆమెనే కుండ దిక్కు చూపెట్టింది. అంబలి పలుచగుంటె బుసబుసమని గాలి పోతది, ఏం గాదు. గటక చిక్కవడితె గాలికి తొవ్వ దొరకది, అడుగున ఆగి ఆగి ఠప్పున ఎగిరి చేతి మీద వడి బొబ్బ లేపుతది. "గదేనా?" అన్నది. గదే. పుస్తకంల రెండు పేజీలు రాసిన ముచ్చట అదే.

ఆఖరుకు అగ్నిపర్వతం పగిలే ముందు ఏమైతదో చదివిన. నేల కాగుతది. పగుళ్లల్లకెళ్లి పొగొస్తది. గంధకం వాసనొస్తది. మా యాడి గటక కలుపుడు ఆపింది. "మన గుట్ట" అన్నది.

"కాదు యాడీ! అగ్నిపర్వతాలు పలకల అంచులల్ల పుడ్తయి. మనం అంచుల లేము, నడుమున్నం."

"ఆ పుస్తకం రాసినాయన మన గుట్ట ఎక్కిండా?"

ఇగ ఆమెతోని ఎవలు పెట్టుకోవాలె? తెల్లారి గుట్ట మీదికి పోయి వచ్చింది. సమ్మె వడ్డ కాడికెళ్లి నీళ్లు లేక గుట్ట మీద పొగ దట్టమైంది. ఇంతకుముందు వాసన అప్పుడప్పుడు వచ్చేది, ఇప్పుడు ముక్కు పగిలిపోతుంది. ఒకతాన నేల తెల్లగ బూడిద పట్టింది. మా యాడి కిందికి ఉరికొచ్చి అందరి గుడిసెల ముంగట నిలవడి మొత్తుకున్నది. "అగ్నిపర్వతమే! పగుల్తది! ఎవ్వలు ఎక్కకున్రి!" అని. నమ్మనోళ్లు పోయి చూసొచ్చిన్రు. చూసొచ్చినోళ్లు గూడ నమ్మిన్రు. మూడు నిశానీలు మూడూ ఉన్నయి గద! గంపలన్ని మూలకు వడ్డయి. పిల్లల్ని గుట్ట దిక్కు పోనియ్యలే. ఆమె చెప్పిన పేరు తప్పు. గని ఆ తప్పు పేరుతోని భయపడ్డన్ని దినాలు ఎవ్వలకు ఏం గాలే.

ఆ ముచ్చట డేరా దాక పోయింది. ఒకనాడు పట్నంకెళ్లి ఓ పెద్దమనిషి కారుల వచ్చిండు, ఎన్క ఫోటోలోళ్లు. గుట్ట ముంగట మా యాడిని నిలవెట్టి చేతికి జెండా ఇచ్చిన్రు. అద్దాల లంగ, ఎన్క పొగ, ముంగట జెండా. ఫోటో మస్తుగ వచ్చి ఉంటది. మా యాడి పాపం ఆయన చెయ్యి వట్టి గుంజుతుంది. "దగ్గరికి పోకు సారూ, పగుల్తది" అంటుంది. ఆయన నవ్విండు.

"పగలాలె అవ్వా, పగలాలె! పగిలితెనే ఢిల్లీకి ఇనవడ్తది" అన్నడు. అందరు సప్పట్లు కొట్టిన్రు. జెండా గూడ మళ్లీ తీసుకొని కారెక్కి పోయిండు. ఇంట్ల ఏం వండుకుంటున్నవు అవ్వా అని ఒక్కడన్న అడిగితె నా నాలుక కోస్కుంటుంటి. అడగలే. థూ!

వండుకునేదానికి ఏం లేకుండె. బొగ్గు లేదు, బందులకు హోటళ్లు గూడ మూసిన్రు. నూకలు గంజి గాసి నాకు పోసి, తాను కుండ కడిగిన నీళ్లు తాగేది. "నాకు ఆకలైతలేదు" అనేది. ఎక్కితె పాణానికి భయం, ఎక్కకపోతె కడుపుకు భయం. ఆ రెండిట్ల ఏ భయానికి లొంగాలె అని ఆమె దినాం తొవ్వ పొంటి కూసొని గుట్ట దిక్కు చూసేది.

ఆఖరుకు సమ్మె సల్లవడ్డది. మళ్ల లారీలు తిరగాలె. మట్టి మోసే కాంట్రాక్టరు ఒకడుండె. పరాయోడేం గాదు, మా దిక్కోడే. సమ్మెలున్నన్ని దినాలు డేరాల ముందు వరుసల కూసొని మెడల కండువా ఏసుకొని అందరి కంటె గట్టిగ నినాదాలిచ్చినోడే. ఇప్పుడు ఆయన డ్రైవర్లేమో గుట్ట మేం ఎక్కం అన్నరు. "అగ్నిపర్వతమంట, పెండ్లాం పిల్లలున్నోళ్లం" అన్నరు. వాడు తిట్టిండు, బతిలాడిండు, మళ్ల తిట్టిండు. ఎవ్వలు ఎక్కలే. అప్పుడు వానికి తెలివి తట్టింది. జనగామల పాఠాలు చెప్పే ఓ పెద్ద సారును కారుల పిలిపిచ్చిండు.

ఆ సారు చెడ్డోడు గాదు. ఆ మాట ముందే అంటున్న, నన్ను తర్వాత అడగొద్దు. తెల్లబట్టలు, తెల్ల మీసాలు, పుస్తకం తెలుగు. అదే డేరాల అదే మైకు ముంగట నిలవడ్డడు. మా గుడిసెల ఆడామె ఒకలు పగటీలికని కొంగుల కట్టుకొచ్చుకున్న జొన్నరొట్టె అడిగి తీసుకున్నడు. ఆమె ఏమంటది, ఇచ్చింది. పళ్లెంల పప్పుచారు పోపిచ్చి, రొట్టె ముక్కలు చేసి దాని మీద తేలేసిండు. "ఇవి పలకలు, కింద ఉన్నది వేడికి మెత్తబడిన రాయి" అన్నడు. రెండు ముక్కలను నెట్టి ఒకదాన్ని ఇంకోదాని కిందికి జొర్రిపిచ్చిండు. అందరు మెడలు చాపి చూసిన్రు. రొట్టె ఇచ్చినామె మాత్రం తన రొట్టె దిక్కే చూసింది.

ఎంత మంచిగ చెప్పిండు! నేను అబద్ధమాడ. మన దేశం ఒక పలక మీద కూసొని ఉత్తరం దిక్కు జరుగుకుంట పోయి ఇంకో పలకకు గుద్దుకున్నదంట. ఆ గుద్దుకునుట్లనే హిమాలయాలు లేసినయంట. అక్కడ అగ్నిపర్వతాలు ఎందుకు మండుతలేవంటె, రెండు దిక్కుల ఉన్నది మందపు భూమేనంట. లోపలికి జొర్రి నీళ్లు మోసుకపోయే సముద్రపు పలక ఇప్పుడు అక్కడ లేదంట. అండమాన్ దీవుల దిక్కు మాత్రం సముద్రపు పలక కిందికి దిగుతదని, అందుకే అక్కడ ఒక దీవిల అగ్నిపర్వతం మండుతదని చెప్పిండు. పడమటి దిక్కు నల్లరేగడి నేలలన్ని ఒకప్పుడు పగుళ్లల్లకెళ్లి పారిన రాయేనని, అది మనిషి పుట్టకముందు ఎప్పుడో సల్లారిపోయిందని చెప్పిండు. "మనం పలక నడుమ ఉన్నాం. మన కింద ఉన్నది పురాతనమైన, చల్లారిన, గట్టి నేల. భూపాలపల్లిలో అగ్నిపర్వతం పుట్టడం అసంభవం" అన్నడు. నేను మా యాడికి చెప్పిన ముచ్చటే. నాకు సంబురమైంది.

సప్పట్లు ఆగినంక మా యాడి లేసింది. ఆమెకు నోరు ఊకుండది. "సారూ, అగ్నిపర్వతం గాకుంటె మరి గా పొగ ఏంది? కాళ్లెందుకు కాల్తున్నయి?" అని అడిగింది.

"అది బొగ్గు తనంతట తాను రాజుకోవడమమ్మా. గాలి తగిలితే బొగ్గు వేడెక్కుతుంది. అగ్నిపర్వతంతో పోలిస్తే చాలా చిన్న విషయం. అయితే ఒక్క..." అని సారు ఇంకేందో చెప్పవోయిండు. ఇంతల కాంట్రాక్టరు మైకు అందుకున్నడు. "రేపే ట్యాంకరు పంపిస్త, నీళ్లు కొట్టిస్త! సారుకు శాలువా కప్పున్రి!" అన్నడు. శాలువా కప్పిన్రు, ఛాయ్ ఇచ్చిన్రు, ఫోటో దిగిన్రు. సారు చెప్పవోయిన ముచ్చట ఛాయ్‌ల కలిసిపోయింది. ఎవ్వలు మళ్ల అడగలే. ఆయన గూడ యాది చేసుకోలే.

కాంట్రాక్టరు అంతటితోని ఊకున్నడా? మైకులనే మా యాడి దిక్కు చెయ్యి చూపెట్టి, "చూసిన్రా, తండాలల్ల గూడ సైంటిస్టులు పుట్టిన్రు! మన అగ్నిపర్వతం అవ్వకు ఒకపారి సప్పట్లు కొట్టున్రి" అన్నడు. డేరంత ఇరగవడి నవ్వింది. మా గుడిసెలోళ్లు గూడ నవ్విన్రు, మొన్నటిదాక ఆమె మాట ఇని పిల్లల్ని కట్టేసుకున్నోళ్లే. ఆ దినం సంది ఆమె పేరే మారింది. నల్ల కాడ "అగ్నిపర్వతం అవ్వా, జర జరుగు." కిరాణం దుకాణంల "ఏమవ్వా, ఇయ్యాల పగుల్తదా రేపా?" నేను రాయి తీసుకొని ఒకని ఎన్క వడి ఉరికిన. మా యాడి నన్నే తిట్టింది. "నవ్వితె ఏం పోతది? పెద్ద సారే చెప్పినంక నాదే తప్పు గద" అన్నది. మాట గట్లన్నది గని, ఆ దినాలల్ల ఆమె ఎవలి ముఖం దిక్కు చూడకపోయేది. నలుగుట్ల నవ్వులపాలైతె మా యాడికి తిండి గూడ సయించకపోయేది, ఉన్న కొంచెం తిండి గూడ.

గందుకనే తెల్లారి గుట్ట మీదికి అందరి కంటె ముందు ఆమెనే పోయింది. భయం లేదని చూపెట్టాలె గద! ట్యాంకరు రాలే. లారీలైతె వచ్చినయి. నేను గంప వట్టుకొని ఆమె ఎన్కనే ఎక్కిన. కింద ఆడోళ్లు "అగ్నిపర్వతం అవ్వ ఎక్కుతుందిరో" అని నవ్వుకుంట వస్తున్రు. మా యాడి ఎన్కకు తిరిగి వాళ్లతోని తాను గూడ నవ్వింది.

ఆమె గుంత ఉన్న జాగ పైకి ఎప్పటి లెక్కనే ఉన్నది. పొగ గూడ అక్కడ తక్కువే. ఇన్ని దినాలు నీళ్లు లేక, మట్టి కప్పక, లోపల బొగ్గంత కాలి బూడిదై జారిపోయింది. పైన ఇంత పెంకు మాత్రం మిగిలింది. అది చూస్తె ఎవలకు తెలుస్తది? గుంత తీసింది. గిన్నె వెట్టింది. మట్టి కప్పింది. మట్టి అదుముటానికి అందరు చేసేది చేసింది, దాని మీద నిలవడి రెండు కాళ్లతోని తొక్కింది.

పెద్ద సప్పుడేం రాలే. నేల కుంగింది, మా యాడి తొడల దాక దిగవడ్డది. లోపల ఎర్రగ ఉన్నది. ఆమె అరుపు నేను చెప్ప. చెప్పితె మీరు తట్టుకోరు, నేను అసలే తట్టుకోను. నేను ఉరకవోతె ఎన్కకెళ్లి ఎవలో నా నడుము వట్టుకున్నరు. దగ్గరికి పోతె పెంకు ఇంకింత ఇరుగుతది. ఒక లారీ డ్రైవరు తాడు ఇసిరిండు. ఆమె దాన్ని చేతులకు సుట్టుకున్నది. గుంజిన్రు. అద్దాల లంగ బరువుగ ఉంటది, నిప్పంటితె తొందరగ ఆరది. అది కాళ్లకు అంటుకపోయింది.

కాంట్రాక్టరు జీపు కిందనే ఉన్నది. నేను కాళ్ల మీద వడ్డ. "ఇయ్యాల బంద్ పిలుపున్నది బిడ్డా. జీపు రోడ్డెక్కితె అద్దాలు పలగ్గొడ్తరు. ఆటో మాట్లాడుకోన్రి" అన్నడు. అని ఇంకో మాట గూడ అన్నడు. "అయినా నేను ఎక్కమన్ననా? లారీల ముచ్చట నాది, బొగ్గు దొంగతనానికి ఎక్కేటోళ్ల ముచ్చట నాదా?" నీ నోట్ల మన్ను వడ! ఆ పొద్దు అనలే, ఇప్పుడంటున్న.

ట్రాలీ ఆటోల గోనెసంచులు పరిచి పండవెట్టినం. తొవ్వల రోడ్డుకడ్డంగ బండలు పెట్టి, టైర్లు కాలవెట్టి పిల్లలు కూసున్నరు. ఆటో ఆపిన్రు. లోపలికి తొంగి చూసి ఒకడు ముఖం తిప్పుకున్నడు. చెడ్డ పిల్లలేం గారు, బండలు జరుపుటానికి లేసిన్రు. గని వాళ్లల్ల నాయకుడసొంటోడు ఒకడు, "అవ్వా, ఒక్కపారి జై తెలంగాణ అను, పోనిస్తం" అన్నడు. అలవాటుకు అన్నడో, పరాచికానికి అన్నడో. నేను వాని మీదికి ఉరకవోయిన. మా యాడి నా చెయ్యి వట్టి ఆపింది. పెదాలు ఎండిపోయి ఉన్నయి. "జై తెలంగాణ" అన్నది. గట్టిగనే అన్నది. పిల్లలు సప్పట్లు కొట్టి బండలు జరిపిన్రు, "పైలంగ తీస్కపోన్రి" అని డ్రైవరుకు చెప్పిన్రు.

పెద్ద దవాఖానల డాక్టరు కట్లు ఇప్పి చూసి, కాళ్లు మిగలవన్నడు. తర్వాత ఇంకో డాక్టరు వచ్చి, కాళ్ల ముచ్చట తర్వాత, ముందు మనిషి మిగలాలె అన్నడు. చీము వట్టింది. జ్వరం తగ్గదు. తెలివొచ్చినప్పుడల్ల నీళ్లడుగుతది. ఎక్కువ తాగనియ్యద్దన్నరు. మూతికి తడిగుడ్డ అద్దుకుంట కూసున్న.

అప్పుడొచ్చిండు జనగామ సారు. ఎవలో చెప్పిన్రంట, బాధపడి బత్తాయిలు తీసుకొని తానే వచ్చిండు. మంచం పక్కన స్టూలు మీద కూసున్నడు. అలవాటు మనిషి గద, చెప్పుడు మొదలువెట్టిండు. బొగ్గు గాలిని పీల్చుకుంటదంట, దానికి వేడి పుడ్తదంట, ఆ వేడి బయటికి పోయే తొవ్వ లేక పెరుగుకుంట పెరుగుకుంట పోయి అంటుకుంటదంట. "అసలు ప్రమాదం మంట కాదమ్మా. లోపల కాలిపోయాక బోలు ఏర్పడుతుంది. పైన పెంకు మాత్రం నిలుస్తుంది. దాని మీద అడుగు పెట్టకూడదు. ప్రపంచంలో చాలాచోట్ల ఇలాంటి ప్రమాదాలు జరిగాయి" అన్నడు.

నాకు నెత్తురు నెత్తికెక్కింది. "ఇదంత నీకు ఎరుకేనా సారూ?"

"ఎందుకు తెలియదమ్మా? నలభై ఏళ్లుగా చదువుతున్నాను."

"మరి ఆ దినం డేరాల చెప్పకపోతివేంది?"

ఆయన నన్ను ఇచిత్రంగ చూసిండు. తప్పు చేసినోని చూపు గాదది, ప్రశ్న అర్థం గానోని చూపు. "ఆ రోజు నన్ను అడిగిన అంశం అగ్నిపర్వతాలు కదమ్మా" అన్నడు.

నేను లేసి నిలవడ్డ. ఏం జేస్తనో నాకే తెల్వదు. అప్పుడు మా యాడి కండ్లు తెరిచింది. మాటలన్ని ఇన్నట్టుంది. సారు దిక్కు మెల్లగ తల తిప్పింది. ఆమె గొంతుల కోపం లేదు. దండం వెట్టుటానికి చేతులు లేపవోయింది, లెవ్వలే.

"సారూ, అది అగ్నిపర్వతమే అయి ఉంటె నేను ఎక్కకపోతుంటి" అన్నది.

సారు ముఖం ఒక్కపారిగ ఎలిగింది. నా దిక్కు తిరిగిండు. "చూశావా తల్లీ? మీ అమ్మగారికి చదువు లేకపోయినా విషయం ఎంత చక్కగా అర్థమైందో! అది అగ్నిపర్వతం కాదని ఇప్పుడు ఒప్పుకున్నారు" అన్నడు. మా యాడి ఆయన దిక్కు కొద్దిసేపు చూసింది. తర్వాత గోడ దిక్కు తిరిగింది. సారు ఒక బత్తాయి ఒలిచి నా చేతుల వెట్టి, జనగామ రైలుకు టైమైతుందని లేసిండు. ఆయన రైలు జనగామ చేరకముందే మా యాడి సచ్చిపోయింది.